తలుపు మీద నూన్

మొదట రాసిన అక్షరాలు మరీ అసహ్యంగా ఉన్నాయి. ఎవడో ఎర్ర స్ప్రే డబ్బా పట్టుకుని సందులన్నీ తిరుగుతూ రాసుకుంటూ పోయాడు. నూన్ అనే అరబీ అక్షరం గిన్నెలా ఉంటుంది, పైన ఒక చుక్క. కొన్ని తలుపుల మీద ఆ గిన్నె ఒక పక్కకి ఒరిగిపోయింది, కొన్నింటి మీద పైనున్న చుక్క కారి గిన్నెలోకి జారింది. క్రైస్తవుల్ని, ఊరిని ఆక్రమించిన నల్లజెండా వాళ్ళు నస్రానీలంటారు. ఆ మాటలో మొదటి అక్షరం నూన్. ఇల్లు క్రైస్తవులదని చెప్పడానికి ఆ ఒక్క అక్షరం, దాని చుట్టూ ఒక సున్నా చాలనుకున్నారు.

ధన్నూన్ ఆ తలుపుల పక్కనుంచి సైకిల్ మీద దుకాణానికి వెళ్తూ తల తిప్పుకున్నాడు. అక్కడ సిగ్గుపడాల్సింది అక్షరం వంకర చూసి కాదని అతనికీ తెలుసు. అయినా ముందు కంటికి కొట్టింది ఆ వంకరే. ఇరవై ఆరేళ్ళుగా మోసుల్లో బోర్డులు రాస్తున్నవాడు, ఏం చేస్తాడు? దంతవైద్యుడి బోర్డు, కబాబుల కొట్టు బోర్డు, మసీదులో బూట్లు పెట్టుకునే చోట చిన్న రేకు ముక్క, ఊళ్ళో సగం రాతలు అతని చేతివే.

బుధవారం పొద్దున అతన్ని పిలిపించారు. ఇళ్ళు స్వాధీనం చేసుకునే ఆఫీసు ఒక పళ్ళ డాక్టరు క్లినిక్‌లో పెట్టారు. డాక్టరు పారిపోయాడు, కుర్చీ మిగిలింది. ఆ వాలుకుర్చీ పక్కనే బల్ల వేసుకుని కూర్చున్నాడు అబూ హారిస్ అనే అధికారి. ముప్పయ్యేళ్ళు కూడా ఉండవు. గోళ్ళు శుభ్రంగా కత్తిరించుకున్నాడు, కాగితాలన్నీ అంచులు కలిపి పెట్టుకున్నాడు.

"కూర్చో సోదరా. ఊళ్ళో నీదే మంచి చెయ్యట కదా."

"ఏదో రాస్తుంటాను, షేక్."

"మావాళ్ళు రాసింది చూశావా? సున్నా కూడా గుండ్రంగా పెట్టలేకపోయారు దద్దమ్మలు. చూసినవాళ్ళు మన రాజ్యం గురించి ఏమనుకుంటారు?" అబూ హారిస్ నిజంగానే బాధపడుతున్నాడు. "ఒక రేకు మీద నూన్ కోసి ఇవ్వు. మావాళ్ళు అచ్చు పెట్టి స్ప్రే కొట్టుకుంటారు. నీకు గంట పని."

అక్కడ ధన్నూన్ తల ఊపి, రేకు కోసిచ్చి, ఇంటికి పోయుంటే సరిపోయేది. ఎవరి చెయ్యో ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆ రేకు అతని కళ్ళముందు కనబడింది, దానితో కొట్టిన అక్షరమూ కనబడింది.

"రేకుతో బాగుండదు, షేక్. సున్నా నిలవాలంటే మధ్యలో అతుకులు వదలాలి, ముక్కలు ముక్కలుగా పడుతుంది. నూన్‌కి గిన్నె అడుగున మందం ఉండాలి, అంచుకొచ్చేసరికి పలచబడాలి. స్ప్రేకి అది రాదు. చచ్చిన చేపలా ఉంటుంది."

"అయితే ఏం చేద్దామంటావు?"

"చేత్తో రాయాల్సిందే," అన్నాడు ధన్నూన్.

మాట బయటికొచ్చాక గానీ ఏమన్నాడో అతనికి అర్థం కాలేదు. అబూ హారిస్ నవ్వి, బల్ల మీది జాబితాని రెండు వేళ్ళతో అతని వైపు జరిపాడు. నలభై మూడు ఇళ్ళు. గడియారం చర్చి చుట్టుపక్కల సందులన్నీ. ముప్పై ఎనిమిదో పేరు బెహ్నామ్ది.

ధన్నూన్‌కి కలం పట్టుకోవడం నేర్పినవాడు బెహ్నామ్. ఇప్పుడు డెబ్భై నాలుగేళ్ళు. పెళ్ళికాని చెల్లెలు వర్దాతో కలిసి సందు చివర నీలం తలుపు ఇంట్లో ఉంటాడు.

గురువారం ఎండ నడినెత్తికెక్కక ముందే పని మొదలైంది. రంజాన్ మూడోవారం, నోట్లో తడి లేదు. వెంట తుపాకీ పట్టుకుని ఒక కాపలావాడు వచ్చాడు. ఏ దేశం వాడో, అరబీ నాలుగు ముక్కలు మాట్లాడతాడు గానీ చదవలేడు. నీడ ఉన్నచోట గోడకి జారగిలబడి కళ్ళు మూసుకునేవాడు.

ధన్నూన్ పద్ధతి ఒకటే. ముందు గుడ్డతో తలుపు మీద దుమ్ము తుడుస్తాడు. పాత వంకర అక్షరం ఉంటే తలుపు రంగు కలిపి కప్పేస్తాడు. మేకుకి దారం కట్టి, సుద్దముక్కతో సున్నా తిప్పుతాడు. పట్టె బ్రష్ మొనతో పక్కపక్కన నాలుగు చుక్కలు పెట్టి చూసుకుంటాడు. ఆ చుక్కే కొలత, గిన్నె ఎంత వెడల్పు, ఎంత లోతు అన్నది దాన్నిబట్టే. తర్వాత ఊపిరి బిగబట్టి ఒక్క విసురులో పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. ఊపిరి వదిలాక మధ్యలో చుక్క. ఎర్ర ఎనామెల్ ఇనుపరేకు మీద నిగనిగలాడుతూ నిలిచేది. బాగా వచ్చిందనిపించినప్పుడల్లా లోపలెక్కడో హాయిగా ఉండేది, ఆ వెంటనే తనమీద తనకే రోత పుట్టేది.

ఒక ఇంటి తలుపుకి చిన్న కిటికీ ఉంది. దాని వెనక ఒకావిడ నిలబడి మొదట్నుంచీ చూస్తోంది. అతను బ్రష్ తుడుచుకుంటుంటే అడిగింది.

"బాబూ, అది కడిగితే పోతుందా?"

"పోదమ్మా. ఎనామెల్."

"అలాగా. మంచి రకమే తెచ్చావు."

కిటికీ మూసేసింది. కాపలావాడు కళ్ళు తెరిచి, "అయిందా?" అన్నాడు.

మధ్యాహ్నం ప్రార్థన తర్వాత బెహ్నామ్ ఉండే సందుకి చేరారు. వరసగా నాలుగు తలుపులు రాశాడు. ఐదోది నీలం తలుపు. లోపలినుంచి ముసలాయన దగ్గు వినబడుతోంది, వర్దా ఏదో గొణుగుతోంది. ధన్నూన్ జాబితా తీసి ముప్పై ఎనిమిదో పేరు పక్కన టిక్కు పెట్టాడు. జేబులో పెట్టుకున్నాడు.

"ఈ సందు అయిపోయింది," అన్నాడు కాపలావాడితో.

ఆ మాట గట్టిగానే వచ్చింది. మిగతా ఐదు ఇళ్ళూ తేలిగ్గా రాసేశాడు. సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు భార్య నజాత్‌కి గొంతు తగ్గించి చెప్పాడు, ఉస్తాద్ తలుపు వదిలేశానని. చెప్పేటప్పుడు మొహం వెలిగింది. నజాత్ ఖర్జూరం గింజ పళ్ళెంలో పెట్టి, "ఎవరూ చూడలేదు కదా?" అని మాత్రం అంది.

శుక్రవారం జుమ్మా ప్రార్థన అయ్యీ అవకముందే మైకులు మోగాయి. నస్రానీలు మతం మారాలి, లేదా పన్ను కట్టి లొంగి ఉండాలి, లేదా శనివారం మధ్యాహ్నం లోపల ఊరు వదలాలి. ఆ తర్వాత మిగిలినవాళ్ళకి కత్తే. ప్రతి మసీదునుంచీ అదే మాట. గంట తిరక్కుండా సందుల్లో కార్లు స్టార్టయ్యాయి. పరుపులు, గ్యాస్ సిలిండర్లు, పంజరంలో పిట్ట, ముసలాళ్ళు, అన్నీ ఒకేసారి గుమ్మం దాటుతున్నాయి.

సాయంత్రపు అసర్ నమాజు వేళకి వర్దా వచ్చింది ధన్నూన్ ఇంటికి. మోకాళ్ళ నొప్పుల మనిషి, నాలుగు సందులు నడిచి వచ్చేసరికి మొహం పాలిపోయింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"అన్నయ్య కదలనంటున్నాడు, ధన్నూన్. మా తలుపు మీద అక్షరం లేదు కదా, మనకి సంబంధం లేదంటాడు. నల్లమసీదు గుమ్మటం లోపల ఖురాన్ వాక్యాలు రాసింది తనే కదా, అందుకని వాళ్ళే వదిలేశారంట. పొద్దుటినుంచీ అదే పాట. నువ్వొచ్చి చెప్పు. నీ మాటైతే వింటాడు."

బెహ్నామ్ ఎప్పుడైనా తన మాట విన్నాడా అని ధన్నూన్‌కి అనుమానమే. అయినా వెళ్ళాడు.

బెహ్నామ్ ముంగిట్లో స్టూలు మీద కూర్చుని రెల్లు కలం చెక్కుతున్నాడు. పిడికత్తితో మొనని ఏటవాలుగా కోసి, గోటి మీద గీసి చూసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"రా, సర్కారు ఉద్యోగస్థుడా."

"ఉస్తాద్..."

"నాలుగిళ్ళవతల, టైలర్ వాళ్ళ తలుపు మీద గిన్నె ఎడమ చెయ్యి కురచైంది. ఎండకి తొందరపడ్డావా? మిగతావి బాగానే ఉన్నాయి. నీ చెయ్యని సందు మొదట్లోనే తెలిసిపోయింది నాకు."

వర్దా నోరు తెరిచి చూసింది. ఆమెకి ఆ సంగతి తెలియదు.

"అందులో నూన్! నీకు నేను మొట్టమొదట నేర్పిన అక్షరం. నీ పేరులోనే రెండున్నాయని సరదాపడ్డావు. చేప మింగితే బతికొచ్చిన ప్రవక్త పేరు పెట్టుకున్నావు, నూన్ అంటే చేపేరా అంటే నోరెళ్ళబెట్టావు." ముసలాయన కలాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు. "మా చర్చి భాషలో ఇప్పటికీ చేపని నూనా అనే అంటాం. ఆ అక్షరం మొదట చేప బొమ్మే, కొందరు కాదు పాము అంటారు. ఎప్పుడో ఎవడో గొర్రెలు కాసుకునేవాడు రాతి మీద బొమ్మ గీశాడు. అది చేతులు మారి మారి మా దగ్గరికొచ్చింది, మా దగ్గర్నుంచి అరబ్బుల దగ్గరికి పోయింది. ఇప్పుడా అక్షరం పెట్టి మమ్మల్ని తరుముతున్నారు. వాళ్ళకేం తెలుసు? నీకైనా తెలుసు."

"ఉస్తాద్, అవన్నీ తర్వాత. రేపు మధ్యాహ్నం దాకే టైము. కారు నేను చూస్తాను, మీరు బయల్దేరండి."

"అది అక్షరం పడ్డవాళ్ళకి. నా తలుపు చూడు. ఎందుకు రాయలేదు? ప్రతి శుక్రవారం తలెత్తితే నా రాతే కనబడుతుంది వాళ్ళకి. కొంచెమైనా సిగ్గుండదా?"

ధన్నూన్ వర్దా వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"వాళ్ళు వదల్లేదు. నలభై మూడిళ్ళ జాబితాలో మీ పేరుంది. నేనే రాయకుండా టిక్కు పెట్టుకుని వచ్చేశాను."

బెహ్నామ్ కలం కింద పెట్టాడు. అతన్ని పైనుంచి కిందిదాకా చూసి నవ్వాడు. నవ్వు దగ్గైంది, దగ్గి దగ్గి కళ్ళు తుడుచుకున్నాడు.

"నువ్వా? తుపాకీ వాడు పక్కనుండగా నువ్వు టిక్కు పెట్టావా? ఒరేయ్ ధన్నూన్, కరెంటాఫీసు గుమాస్తా బోర్డులో తప్పుందని గద్దిస్తే, తప్పు లేకపోయినా మళ్ళీ రాసిచ్చినవాడివి నువ్వు. నేను బయటికి పోవాలని చెబుతున్నావు, మంచిదే. కానీ ఇంకో కథ చెప్పు, ఇది అతకలేదు."

"నిజం, ఉస్తాద్. నా పిల్లల మీద ఒట్టు."

"ధైర్యం ఉన్నవాడు నలభై రెండు రాసి ఒకటి వదలడురా. మొదటిదే రాయడు."

వర్దా ఏడుస్తూ అన్నయ్య మోకాళ్ళు పట్టుకుంది. ఆయన మళ్ళీ కలం తీసుకున్నాడు.

ఇంటికొచ్చి ధన్నూన్ జరిగిందంతా నజాత్‌కి చెప్పాడు. ఆమె గిన్నెలు తోముతూ విన్నది.

"రేపు మధ్యాహ్నం తర్వాత ఇల్లిల్లూ తిరుగుతారు కదా?" అంది.

"తిరుగుతారు."

"అప్పుడు తలుపు మీద లేదని వదిలేస్తారా, వీళ్ళెవరని అడుగుతారా?"

"అడుగుతారు."

"అయితే నువ్వు చేసింది ఆయనకి మేలు కాదు. ఆ ఖాళీ తలుపే ఆయన్ని చంపేలా ఉంది." చేతులు గుడ్డకి తుడుచుకుంది. "పొద్దున్నే వెళ్ళి రాసిరా."

శనివారం ఎనిమిదింటికల్లా ధన్నూన్ నీలం తలుపు ముందున్నాడు. సందంతా బావురుమంటోంది. ఎవరో వదిలేసిన చెప్పు ఒకటి మధ్యలో పడుంది. గుడ్డతో దుమ్ము తుడిచాడు. దారం పట్టుకుని సున్నా తిప్పితే వంకరొచ్చింది, చెరిపి మళ్ళీ తిప్పాడు. ఎర్ర రంగులో బ్రష్ ముంచి, అంచుకి రాసి, ఊపిరి బిగబట్టాడు. గిన్నె సగం తిరిగేసరికి లోపల గడియ చప్పుడైంది. తలుపు కదలకుండా రెండో చేత్తో పట్టుకుని, ఆ విసురు పూర్తిచేశాడు. మధ్యలో ఆపితే అక్షరం చెడిపోతుంది. ఆ క్షణంలో కూడా అతనికి అదే తోచింది, మనిషి బుద్ధి అలాంటిది.

పట్టు వదిలాక తలుపు తెరుచుకుంది. బెహ్నామ్ బయటికొచ్చి, తిరిగి చూశాడు.

"జాబితాలో ఉన్నానన్నమాట."

"ఉన్నారు."

"మరి మొన్న?"

నిజం చెప్పి చూశాడు నిన్న. దానికి నవ్వు వచ్చింది. ధన్నూన్ బ్రష్ వైపు చూస్తూ అబద్ధం చెప్పాడు.

"మొన్న లేరు, ఉస్తాద్. ఇవాళ పొద్దున చేర్చారు. నన్నే పంపారు."

బెహ్నామ్ వెంటనే నమ్మాడు. అనుమానం లేదు, ఇంకో ప్రశ్న లేదు. ఈయన తనని ఇన్నేళ్ళుగా ఏమనుకున్నాడో ఆ నమ్మకంలో ధన్నూన్‌కి తెలిసిపోయింది.

"మసీదు రాత సంగతి చెప్పలేదా వాళ్ళకి?"

చెప్పలేదంటే ముసలాయన తనే వెళ్ళి చెబుతానంటాడు. కండువా వేసుకుని పళ్ళ డాక్టరు క్లినిక్‌కి నడుచుకుంటూ పోతాడు. పోయినవాడు తిరిగి రాడు.

"చెప్పాను," అన్నాడు ధన్నూన్. "నస్రానీ చేతి రాత మసీదులో ఉండకూడదన్నారు. వచ్చేవారం సున్నం కొట్టి కప్పేస్తారట."

అది అక్కడికక్కడ పుట్టించిన మాట. బెహ్నామ్ రెండుమూడుసార్లు తల ఊపాడు. ఒక్కసారిగా ఆయన వయసు కనబడింది, గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఆ రాతకి పదకొండు నెలలు పట్టింది, పరంజా మీద వెల్లకిలా పడుకుని రాశాడు. కింద రంగుడబ్బాలు అందించింది ధన్నూనే.

"వర్దా," అని పిలిచాడు లోపలికి తిరిగి. "చెప్పులేసుకో."

పావుగంటలో ఇద్దరూ బయటికొచ్చారు. ఒక బట్టల సంచి, మందుల సంచి, బెహ్నామ్ చంకలో కలాల పెట్టె. పక్క వీధిలో టాక్సీ నడిపే గానిమ్‌ని ధన్నూన్ ముందే మాట్లాడి పెట్టాడు. కారెక్కేముందు వర్దా ధన్నూన్ చేతిలో ఇంటి తాళంచెవి పెట్టబోయింది. బెహ్నామ్ ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, తాళంచెవిని తన జేబులో వేసుకున్నాడు. ధన్నూన్ మొహంకేసి చూడలేదు.

"నీళ్ళ సీసా ఉందా?" అని ధన్నూన్ అడిగాడు. కారు కదిలింది.

గానిమ్ తిరిగొచ్చేసరికి మూడైంది. ధన్నూన్ వీధి మలుపులోనే నిలబడి ఉన్నాడు. గానిమ్ కారు దిగి, బానెట్ తెరిచి, ఇంజిన్ వైపు చూస్తూ మాట్లాడాడు.

"దాటారు. చెక్‌పోస్టు దగ్గర దింపేశారు, అక్కడినుంచి నడిచే పోవాలి. ముసలావిడ ఉంగరం లాక్కున్నారు. వేలికి బిగుసుకుపోతే సబ్బు రాసి లాగారు. మందుల సంచి కూడా పోయింది."

"మందులెందుకు వాళ్ళకి?"

"నన్నడుగుతావేంటి? కలాల పెట్టె తెరిచి చూశారు. డబ్బో బంగారమో అనుకున్నారు కాబోలు. రెల్లు పుల్లలని తెలిసి కింద పోసి తొక్కారు. ముసలాయన వంగి ఏరుకోబోతే ఆవిడే లాక్కుపోయింది."

గానిమ్ ఇంకా ఏదో ఉందన్నట్టు బానెట్ అంచు తుడుస్తూ నిలబడ్డాడు.

"చెప్పు."

"నీకొక మాట చెప్పమన్నాడు. చెప్పాలా వద్దా అని దారంతా ఆలోచించాను."

"చెప్పు, గానిమ్."

"ఎవరి దగ్గర నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే, నా పేరు చెప్పొద్దని చెప్పు అన్నాడు. అంతే. కోపంగా కూడా అనలేదు."

రాత పనిలో ఉన్నవాళ్ళకి అది చిన్న మాట కాదు. ఎంత పేరున్నవాడైనా మొదట గురువు పేరు చెప్పి, ఆ గురువు గురువు పేరు చెప్పి, తర్వాతే తన పేరు చెప్పుకుంటాడు. గురువు పేరు లేని చెయ్యి తల్లీతండ్రీ తెలియని బిడ్డ కింద లెక్క. కన్నతండ్రి ఇంట్లోంచి గెంటినా ధన్నూన్ ఇంత కుంగేవాడు కాదు. అక్కడే మురుగుకాలవ గట్టు మీద కూలబడ్డాడు. బతికించాననుకుందామన్నా మనసు ఊరుకోలేదు. మందులు లేకుండా ఆ ఎండలో ఎంతదూరం నడుస్తారు?

"వర్దక్క ఏమైనా అందా?" అని అడిగాడు.

"నీళ్ళడిగింది," అన్నాడు గానిమ్.

ఆదివారం పొద్దున మళ్ళీ పిలుపు వచ్చింది. అబూ హారిస్ ఈసారి లేచి నిలబడి చెయ్యి కలిపాడు. బల్ల మీద ఒక ఫారం, దాని పక్కన పాత జాబితా ఉన్నాయి. జాబితాని చూడగానే ధన్నూన్ కళ్ళు ముప్పై ఎనిమిదో పేరు మీదికి పోయాయి.

"నిన్న మధ్యాహ్నం నేనే తిరిగి చూశాను, సోదరా. చాలా బాగా చేశావు. ఒక్కటే అర్థం కాలేదు. సందు చివర నీలం తలుపు. టిక్కు గురువారం పెట్టావు. ముట్టుకుంటే రంగు వేలికంటింది." వేలు చూపించాడు. ఎంత కడిగినా గోటి పక్కన ఎర్ర గీత మిగిలింది. "ఏమిటి సంగతి?"

"మొదటిసారి కుదర్లేదు, షేక్," అన్నాడు ధన్నూన్. "మనసొప్పక నిన్న మళ్ళీ రాశాను."

అబూ హారిస్ అతని మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత మెచ్చుకోలుగా తల ఊపాడు.

"పని అంటే అదీ. నీలాంటివాళ్ళు కావాలి మాకు. ఇకనుంచి ఆఫీసు బోర్డులన్నీ నువ్వే రాస్తావు. నీ పేరు రిజిస్టర్‌లో ఎక్కిస్తాను." కలం తీసుకుని ఫారం ముందుకు లాక్కున్నాడు. పేరు రాశాడు, ఊరు రాశాడు. "ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

పళ్ళ డాక్టరు కుర్చీ మీద దీపం ఇంకా వేలాడుతోంది. ధన్నూన్ దాన్ని చూశాడు.

"ఎవరి దగ్గరా లేదు, షేక్. నాకు నేనే నేర్చుకున్నాను."

మాట తడబడకుండా వచ్చింది. ఉస్తాద్ చెప్పమన్నదీ అదే, ఇక్కడ ప్రాణం దక్కాలంటే చెప్పాల్సిందీ అదే. ఆయన మాట నిలబెట్టడానికి అన్నాడో, భయంతో అన్నాడో ధన్నూన్‌కే తెలియలేదు. తెలియనందుకు ఏడుపొచ్చింది గానీ అక్కడ ఏడవలేదు.

"అదృష్టవంతుడివి, ఎవరికీ రుణపడలేదు," అన్నాడు అబూ హారిస్. గురువు పేరు గడిలో 'లేడు' అని రాసి, ఫారం ఇటు తిప్పి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు.